పాస్‌పోర్టు లేకున్నా.. సీతమ్మ పుట్టింటికి!

బస్సు, రైళ్లలోనే భద్రాద్రి నుంచి నేపాల్‌లోని జనక్‌పూర్‌కు
ఓటరు కార్డే ప్రధానం.. ఒంటరిగా వెళ్లేవారికి ముందస్తు ప్రణాళిక తప్పనిసరి

భద్రాచలం: ఏటా చైత్ర శుద్ధ నవమి నాడు భద్రాద్రిలో సీతారాముల కల్యాణం జరిగే ప్రాంగణం పేరు మిథిలా స్టేడియం. అసలు మిథిలా నగరంగా భక్తులు విశ్వసించే జనక్‌పూర్ మాత్రం నేపాల్‌లో ఉంది. ఒక్కసారైనా సీతమ్మ పుట్టినిల్లు చూడాలన్న కోరిక మన్యం పల్లెల్లోని ఎందరికో ఉన్నా, విదేశమనగానే వెనుకడుగు వేస్తారు. పాస్‌పోర్టు, వీసా, విమానం తమకు అందనివని భావిస్తారు. నిజానికి ఈ యాత్రకు ఆ మూడూ అవసరం లేదు. ఆర్టీసీ బస్సుతో మొదలుపెట్టి రైళ్లలోనే జనక్‌పూర్ చేరుకోవచ్చు. అయితే సరైన గుర్తింపు కార్డు లేకుంటే మాత్రం సరిహద్దు వరకూ వెళ్లి వెనుదిరగాల్సి రావచ్చు.

రెండు ఊళ్లు.. ఒకే కల్యాణం
భద్రాచలంలో కల్యాణం శ్రీరామనవమి నాడు జరుగుతుంది. జనక్‌పూర్‌లో మార్గశిర శుద్ధ పంచమి నాడు వివాహ పంచమి పేరిట నిర్వహిస్తారు. అక్కడి జానకీ మందిరాన్ని గత శతాబ్ది తొలినాళ్లలో మధ్య భారతంలోని టీకంగఢ్ రాణి వృషభాను కువరి కట్టించారు. తొమ్మిది లక్షల వ్యయమైందన్న ప్రతీతితో దానిని నౌలఖా మందిరమనీ పిలుస్తారు. శివధనుస్సు శకలం పడినట్లు చెప్పే ధనుషాధామ్ కూడా సమీపంలోనే ఉంది. స్థానికుల భాష మైథిలి. హిందీ వచ్చినవారికి ఇబ్బంది ఉండదు.

ఆధార్ ఒక్కటే చాలదు
భారత్, నేపాల్ మధ్య 1950 జులై 31న కుదిరిన శాంతి, మైత్రీ ఒప్పందం ప్రకారం ఇరుదేశాల పౌరుల రాకపోకలకు వీసా అవసరం లేదు. పాస్‌పోర్టు లేనివారికి ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు సరిపోతుంది. పలువురు పొరబడేది ఇక్కడే. ఆధార్ ఉంటే అన్నిటికీ చెల్లుతుందని దానినొక్కదాన్నే వెంట తీసుకెళ్తారు. 15 ఏళ్లలోపు, 65 ఏళ్లు పైబడినవారికి మాత్రమే ఆధార్ పనికివస్తుందని కేంద్ర హోంశాఖ 2019లో స్పష్టం చేసింది. మధ్య వయస్కులు పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ తప్పక వెంట ఉంచుకోవాలి.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. 2014లో భద్రాచలం డివిజన్‌లోని కూనవరం, చింతూరు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. దీంతో పాత ఖమ్మం జిల్లా చిరునామాతో, చెరిగిపోయిన ఫొటోతో ఉన్న కార్డులు ఇంకా చాలామంది వద్ద ఉన్నాయి. యాత్రకు రెండు మూడు నెలల ముందే ఫారం-8 ద్వారా దరఖాస్తు చేసి కొత్త కార్డు పొందడం మేలు. ఆధార్‌లోనూ, ఓటరు కార్డులోనూ పేరు ఒకేలా ఉందో లేదో సరిచూసుకోవాలి. సెల్‌ఫోన్‌లోని కార్డు ప్రతిని నమ్ముకోకుండా అసలు కార్డునే తీసుకెళ్లాలి. జిరాక్స్ ప్రతిని వేరే సంచిలో భద్రపరచుకోవాలి.

దారి ఇదీ..
భద్రాచలం నుంచి 40 కిలోమీటర్ల దూరంలోని కొత్తగూడేనికి బస్సులో చేరుకోవాలి. అక్కడి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. సికింద్రాబాద్ వైపు వెళ్లే మణుగూరు రైలెక్కితే డోర్నకల్ మీదుగా కాజీపేట వస్తుంది. ఖమ్మం వాసులకు కాజీపేట వైపు నేరుగా రైళ్లున్నాయి. సికింద్రాబాద్ - దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌ను కాజీపేటలో అందుకుంటే దాదాపు ఒకటిన్నర రోజులో పాట్నా పక్కనే ఉన్న దానాపూర్ చేరుకోవచ్చు. రిజర్వేషన్లు 60 రోజుల ముందు మొదలవుతాయి. బిహార్ నుంచి మన రైసు మిల్లులకు వచ్చే హమాలీలు, కూలీలు రాకపోకలు సాగించేదీ ఈ రైలులోనే కాబట్టి బెర్తులు త్వరగా నిండిపోతాయి. తిరుగు ప్రయాణానికి కూడా ముందే రిజర్వు చేయించుకోవాలి.

పాట్నాలో రాత్రి బస చేసి, మర్నాడు దర్భంగా, మధుబని మీదుగా వెళ్లే రైలులో సరిహద్దు పట్టణమైన జయనగర్ చేరుకోవాలి. దీనికి ఆరేడు గంటలు పడుతుంది. జనక్‌పూర్ వెళ్లే రైలు ఇక్కడి నుంచే బయలుదేరుతుంది.

నాడు కలప.. నేడు భక్తులు
జయనగర్ - జనక్‌పూర్ మార్గానికి అటవీ ప్రాంతవాసులకు ఆసక్తి కలిగించే చరిత్ర ఉంది. 1937లో రాణాల పాలనలో మహోత్తరి అడవుల కలపను భారత్‌కు తరలించేందుకు ఈ నారో గేజ్ లైను వేశారు. అడవి తరిగాక అదే ప్రయాణికుల రైలుగా మారింది. శిథిలమై 2014లో ఆగిపోగా, భారత్ సాయంతో బ్రాడ్ గేజ్‌గా మార్చారు. జయనగర్ నుంచి జనక్‌పూర్ దాటి కుర్థా వరకు సుమారు 35 కిలోమీటర్ల మార్గాన్ని 2022 ఏప్రిల్ 2న ఇరుదేశాల ప్రధానులు ప్రారంభించారు.

ఈ రైలును నేపాల్ రైల్వే కంపెనీ నడుపుతోంది. అందువల్ల మన స్టేషన్లలో టికెట్ దొరకదు. జయనగర్‌లోని ప్రత్యేక కౌంటరులో గుర్తింపు కార్డు చూపి తీసుకోవాలి. రోజువారీ సర్వీసులు పరిమితం. ఒకటి తప్పిపోతే గంటల తరబడి నిరీక్షణ తప్పదు. ఏదైనా కారణంతో రైలు నిలిచిపోతే సీతామఢీ, భిఠ్ఠామోడ్ సరిహద్దు, జలేశ్వర్ మీదుగా రోడ్డు మార్గం ఉంది.

పావుగంట తేడా
నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందుంటుంది. అక్కడ మూడు గంటలకు కదిలే రైలు మన చేతిగడియారం ప్రకారం 2.45కే వెళ్లిపోతుంది. తిరుగు ప్రయాణంలో దీనిని మరవరాదు. శనివారం అక్కడ సెలవు దినం కాబట్టి బ్యాంకు పనులు పెట్టుకోకూడదు.

డబ్బు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు వస్తాయి. 1993 నుంచి ఈ మారకం స్థిరంగా ఉంది. వ్యాపారి ధర చెప్పగానే ‘ఐసీనా, ఎన్‌సీనా’ అని అడగాలి. ఐసీ అంటే భారత కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాల్ కరెన్సీ. ఈ ప్రశ్న అడగనివారు 160 చెల్లించాల్సిన వస్తువుకు మన నోట్లలో 160 ఇచ్చి నష్టపోయే ప్రమాదముంది. వందకు మించిన భారతీయ నోట్లను నేపాల్ 2018 డిసెంబరులో నిషేధించింది. నోట్ల నిబంధనల్లో ఆ తర్వాత మార్పులు జరుగుతున్నందున వంద, అంతకు తక్కువ విలువ గల నోట్లు తీసుకెళ్లడమే క్షేమం. 2024 మార్చి నుంచి యూపీఐ చెల్లింపులకు వీలు కలిగినా, చిన్న దుకాణాల్లో, రిక్షాల వద్ద నగదే దిక్కు. మన సిమ్ కార్డు రోమింగ్ లేకుంటే సరిహద్దు దాటాక పనిచేయదు. సిగ్నల్ లేనిదే యూపీఐ కూడా లేదని గుర్తుంచుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి?
వానాకాలంలో కమలా, కోసీ నదుల వరదలతో ఉత్తర బిహార్‌లో రాకపోకలు స్తంభిస్తుంటాయి. దసరా నుంచి ఛఠ్ పండుగ వరకు బిహార్ రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు వల్ల రైళ్లు ఆలస్యమవుతాయి. ఫిబ్రవరి, మార్చి అనువైన కాలం. వివాహ పంచమికే వెళ్లదలచినవారు బస ముందుగానే చూసుకోవాలి.

జనక్‌పూర్‌లో రెండు మూడు రోజులు గడిపి రావడానికి మొత్తం పది రోజులు కేటాయించుకోవాలి. అందులో ఒకరోజు ఖాళీగా ఉంచుకోవాలి. 2025 సెప్టెంబరులో నేపాల్‌లో ఆందోళనలు చెలరేగి సరిహద్దు రాకపోకలకు ఆటంకం కలిగింది. బయలుదేరే ముందు అక్కడి పరిస్థితి వాకబు చేయాలి.

తోడు లేనివారికి..
బృందంతో వెళ్తే పొరపాటును సరిదిద్దేవారు ఒకరైనా ఉంటారు. ఒంటరి ప్రయాణికులకు ఆ వీలుండదు. కొత్త ఊరికి పగటివేళే చేరేలా రైళ్లు ఎంచుకోవాలి. మహిళలు, వృద్ధులు మొదటి రాత్రి బసను ముందే ఖాయం చేసుకోవాలి. డబ్బంతా ఒకేచోట ఉంచరాదు. నిత్యం వాడే మందులను డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లాలి. ఏ రోజు ఎక్కడ ఉండేదీ కాగితంపై రాసి ఇంట్లో ఇవ్వాలి. సరిహద్దు దాటేముందు జయనగర్ నుంచి ఇంటికి ఫోన్ చేయాలి. ఆపద ఎదురైతే నేపాల్ పోలీసు నంబరు 100. భారత రాయబార కార్యాలయం కాఠ్‌మాండూలో, కాన్సులేట్ బీర్‌గంజ్‌లో ఉన్నాయి. వాటి ఫోన్ నంబర్లను సెల్‌లోనే కాక చీటీపైనా రాసుకోవాలి.

పర్ణశాలలో సీతమ్మ వనవాసపు ఆనవాళ్లను చూసి పెరిగిన వారికి ఆమె పుట్టినిల్లు చూసే అవకాశం బస్సు, రైలు టికెట్ల దూరంలోనే ఉంది. వెళ్లదలచినవారు ముందుగా పెట్టె తీసి ఓటరు కార్డు ఏ స్థితిలో ఉందో చూసుకోవాలి. రైలు టికెట్టు సంగతి ఆ తర్వాతే.