కారుకు కాళ్లు కావాలి!

తాతగారి అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలి... ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కొన్ని ఇళ్లలో ఈ ముచ్చట ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు రైసుమిల్లు యజమానికీ, పేరున్న డాక్టరుకీ, పెళ్లికొడుకు ఊరేగింపుకీ అదే కారు మరి! డెంటింగు, పెయింటింగు, సీట్లు... డబ్బు పెడితే అన్నీ కుదురుతాయి. అసలు చిక్కు కారు కింద దూరి చూసినప్పుడు మొదలవుతుంది. అదే సస్పెన్షన్.

అంబాసిడర్ ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులుండవు. కారు అడుగున అటొకటి, ఇటొకటి పొడవాటి ఉక్కు కడ్డీలుంటాయి. వాటిని టార్షన్ బార్లంటారు. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా తడిగుడ్డ పిండినట్టు కడ్డీ మెలితిరుగుతుంది, మళ్లీ విడుచుకుంటుంది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నుంచి వచ్చిన ఏర్పాటిది. ఆ కారునే హిందూస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా తయారుచేయడం మొదలుపెట్టింది. 2014 మేలో ఆపేసింది. 2017లో పేరును కూడా ఫ్రాన్స్ కంపెనీ ప్యూజోకి 80 కోట్ల రూపాయలకు అమ్మేసింది.

కడ్డీయే కదా, లేతు మీద తీయించేస్తే పోలా? పోదు. అది మామూలు ఇనుము కాదు, పదును పట్టిన స్ప్రింగు ఉక్కు. వెల్డింగు చేసినా, గ్యాసు పెట్టి కాల్చినా ఆ పదును పోతుంది. పైన ఓ గీత పడినా, తుప్పు తిని చిన్న గుంట పడినా పగులు అక్కడే పుడుతుంది. ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. విరిగిందా, కారు ఆ పక్కకి కూలబడుతుంది! ఇంకో పేచీ కూడా ఉంది. ఎడమవైపు ఏళ్లతరబడి పనిచేసిన కడ్డీని కుడివైపు వేయకూడదు. ఒకే దిక్కుకి మెలితిరిగి అలవాటుపడిన ఉక్కు, ఎదురు దిక్కుకి తిప్పితే తట్టుకోదు. తుక్కు దుకాణంలో జత దొరికినా ఏది ఏ వైపుదో తెలియకపోతే అది ఇనుము కిందే లెక్క. విప్పేటప్పుడే రంగుతో గుర్తుపెట్టే మెకానిక్కే అసలైన మెకానిక్కు.

కొల్లేటి చుట్టుపక్కల ఈ భాగాలకు మరీ కష్టకాలం. నల్లరేగడి మీద వేసిన రోడ్డు ఎండలకు బీటలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. దానిమీద చేపల లారీలు. పైగా ఏడాది పొడవునా తడిగాలి.

వెతుకులాట విజయవాడ ఆటోనగర్‌తో మొదలవుతుంది. ఏలూరు నుంచి 60 కిలోమీటర్లే. వెనక చక్రాల కమాన్ కట్టలకైతే దిగులే లేదు. లారీల ఊరు కదా, విరిగిన పట్టీ తీసి కొత్తది కొట్టి అమర్చేస్తారు. బుష్షులు కూడా చేయిస్తారు. ముందు కడ్డీల దగ్గరికొచ్చేసరికే తలలు అడ్డంగా ఊగుతాయి. అక్కణ్నుంచి చెన్నై పుదుపేట, అక్కడా కాకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్. 15 ఏళ్లు నిండిన పసుపుపచ్చ ట్యాక్సీలు అక్కడ వరసగా తుక్కుకి వెళుతున్నాయి. వాటి కడ్డీలు ఒరిజినల్‌వే కావచ్చుగానీ, నగరమంతా తిరిగి అలసిపోయినవి. పైగా కారే ఆగిపోయింది కాబట్టి ఆ ఊట కూడా ఎంతోకాలం ఉండదు. ఇంగ్లండులో మోరిస్ మైనర్ కడ్డీలు కొత్తవి దొరుకుతున్నాయని తొందరపడి తెప్పించారో, అంతే సంగతులు. మైనర్ చిన్న కారు. దాని కడ్డీ దీనికి సరిపోదు.

విచిత్రమేమిటంటే, అంతకన్నా ముందే ఆగిపోయిన స్టాండర్డ్ హెరాల్డ్‌కి ఈ విషయంలో అదృష్టం బాగుంది. మద్రాసులో 1961 నుంచి 1971 దాకా తయారైన కారది. దాని ముందు చక్రాల ట్రనియన్లనే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుకీ వాడారు. స్పిట్‌ఫైర్‌లు 3 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అభిమానులు ఇంకా ఉన్నారు కాబట్టి బ్రిటన్‌లో ఆ ట్రనియన్లను ఇప్పటికీ చేస్తున్నారు. తెప్పించుకున్నాక మాత్రం ఒక జాగ్రత్త. వాటికి పోయాల్సింది గేర్ ఆయిల్, గ్రీజు కాదు. అలవాటు కొద్దీ గ్రీజు కొట్టేస్తే మరలు ఎండి అరుగుతాయి. ఓ రోజు మలుపులో చక్రం ఊడి పక్కకి ఒరుగుతుంది.

ఒరిజినల్ కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, సరదా ఒక్కటే కాదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, మొదటి రూపం చెడకుండా, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండికే ఆ రిజిస్ట్రేషన్. రుసుము 20 వేలు, గడువు పదేళ్లు. కడ్డీలు తీసేసి వేరే కారు స్ప్రింగులు ఇరికించాలని ఛాసిస్ కోసేవాళ్లు ముందు ఆ కాగితం సంగతి ఆలోచించుకోవాలి.

అన్నీ దొరికి, బిగించి, కారు కిందికి దించాక కూడా మెకానిక్కు టేపు పట్టుకుని రెండువైపులా ఎత్తు కొలుస్తాడు. వారం రోజులు తిప్పి తీసుకురమ్మంటాడు. అప్పటికి కడ్డీలు కుదురుకుంటాయి. ఒకవైపు అరంగుళం దిగిందా, కడ్డీ పళ్లను ఒకటి రెండు గాట్లు జరపాలి. అంటే మళ్లీ జాకీ, మళ్లీ విప్పుడు!