మంచుకొండల పటములు

జహనుమా యనగా జగమును జూపునది యని యర్థము. హైదరాబాదు పాతనగరమున ఫలక్‌నుమాకు చేరువనున్న యీ పేట పేరు నేడు నగరమంతటికిని అన్వర్థమగుచున్నది. మానవసంచారము దుర్లభమగు హిమాలయములలోని హిమానీనదములను, వాని చెంత నేర్పడు సరస్సులను పటములకెక్కించు కార్యము ఈ నగరమందలి జాతీయ దూరసంవేదన కేంద్రమున జరుగుచున్నది.

హిమాలయ భూమాపనముతో దక్కనునకు సంబంధము క్రొత్తది కాదు. 1802లో మద్రాసు చెంత లాంబ్టన్ దొర యారంభించిన త్రికోణమితి సర్వే నిజాము రాజ్యము మీదుగనే యుత్తరమునకు సాగెను. 1818లో ఆయనకు సహాయకుడుగా నియుక్తుడైన ఎవరెస్టు, కృష్ణాగోదావరుల నడిమి యడవులలో జ్వరపీడితుడై యుండెను. 1865లో అత్యున్నత శిఖరమునకు ఆతని పేరిడిరి. దాని యెత్తును గణించినవాడుగ ప్రసిద్ధుడైన వంగీయుడు రాధానాథ సిక్దారు పేరు పటమునకెక్కలేదు.

నాడు ఏండ్లతరబడి కొలిచినదానిని నేడు ఉపగ్రహములు స్వల్పకాలమున జూపుచున్నవి. 2016-17 చిత్రములనుబట్టి సింధు, గంగా, బ్రహ్మపుత్రా పరీవాహములలో 0.25 హెక్టారునకు తక్కువగాని సరస్సులు 28,043 లెక్కకు వచ్చినవి. వానిలో 10 హెక్టార్లకు మించినవి 2,431. ఇందు 676 సరస్సులు 1984 నుండి గణనీయముగ పెరిగినవి. 601 రెండింతలకుపైగా విస్తరించినవి.

ఇందువలన మనకేమి యని యడుగరాదు. తూమును అలుగును లేని చెరువు గతి యేమగునో మన రైతులకు జెప్పనక్కరలేదు. మంచు వెనుకకు కరగిపోగా మిగిలిన రాళ్లును మట్టియుమే యా సరస్సులలో పెక్కింటికి గట్టు. 2013 జూనులో కేదారనాథము మీది చోరాబారీ సరస్సు తెగినపుడు ఆ యాత్రాస్థలములలో చిక్కుకొన్నవారిలో తెలుగువారును గలరు. సిక్కిములో దక్షిణ ల్హోనక్ సరస్సు 2023 సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లుండి, అక్టోబరు 4 నాటికి 60.3 హెక్టార్లకు దిగినది. దిగువ చుంగ్‌థాంగు ఆనకట్ట కొట్టుకొనిపోయినది. ఆ సరస్సు అపాయకరమని నిపుణులు మునుపే హెచ్చరించియుండిరి. 2016లో గొట్టములు వైచి కొంత నీటిని తోడిరి గూడ. పటమున్నది, హెచ్చరికయున్నది, అయినను వరద యాగలేదు.

ఉపగ్రహము నీటి వైశాల్యమును జూపును గాని, లోతును గట్టు బలమును పూర్తిగ దెలుపజాలదు. అందుకు మనుష్యులు కొండనెక్కి కొలువవలయును. అపాయకరములగు సరస్సుల పటములు దిగువ గ్రామముల వారికి వారి భాషలోనే యందవలయును. ఘంట మ్రోగిన వెంటనే యెక్కవలసిన మెరక యేదో పిల్లలకు సైతము దెలిసియుండవలయును. ఆ పటములను జూడక యే యానకట్టకును అనుమతి నొసగరాదు. ఇంత వ్యయముతో, ఇంత శ్రమతో సిద్ధమైన పటములు కార్యాలయముల బీరువాలలో నుండుటకై గీయబడినవి కావు గదా!