కంప్యూటర్ అడగని ప్రశ్న

"ఆసుపత్రిలోకి కంప్యూటర్ వచ్చిన తరువాత ఇక నాడి పట్టి చూసేదెవరు?" అని పెద్దలు బాధపడుతూ ఉంటారు. వైద్య, నర్సింగ్ విద్యార్థులకు కంప్యూటర్ వినియోగాన్ని బోధిస్తున్న నేను ఈ ప్రశ్నను తేలికగా తీసుకోను.

ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో డి డొంబల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1972లో ఒక పరిశోధనను ప్రచురించారు. తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన 304 మంది లక్షణాలను కంప్యూటర్‌కు అందించగా, అది 91.8 శాతం మందిలో వ్యాధిని సరిగా గుర్తించింది. అక్కడి సీనియర్ వైద్యుల నిర్ధారణ 79.6 శాతం మందిలోనే సరిపోయింది. అయితే నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఆరంభమైనదో రోగిని అడిగి నమోదు చేసినది మనుష్యులే.

అడగకపోతే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. రక్తపోటుకు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు వాడుతున్న ఒక వృద్ధురాలు కాళ్ల నిస్సత్తువతో ఆసుపత్రిలో చేరింది. తెరపై పొటాషియం 2.6 అని కనిపించింది, కనీసం 3.5 ఉండాలి. మందుల జాబితాలో మాత్రలు తప్ప మరేమీ లేవు. ఒక విద్యార్థిని మంచం పక్కన కూర్చుని, "మామ్మగారూ, ఇంట్లో కషాయమేమైనా తాగుతున్నారా?" అని అడిగింది. దగ్గు తగ్గడానికి నెలన్నరగా ప్రతిదినం అతిమధురం కషాయం తాగుతున్నదట!

అతిమధురం దగ్గుకు వాడే ఔషధమే. కాని దీర్ఘకాలం సేవిస్తే అందులోని గ్లిసిరైజిన్ రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గిస్తుంది. ఆమె వాడే మాత్రలు కూడా పొటాషియంను తగ్గించేవే. అది మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. కషాయం మాన్పించి, వైద్యులు చికిత్స చేసిన పిమ్మట ఆమె కోలుకున్నది.

ఆ జాబితాను నింపడం విద్యార్థులకు నేర్పినది నేనే. అందులో గృహౌషధాల ప్రస్తావన లేదని అంతవరకు నాకు తోచలేదు. నాటినుండి నా మొదటి పాఠం మీటల గురించి కాదు: "ముందు రోగిని అడగండి, తరువాత తెరను చూడండి." రెండవది: అర మిల్లీగ్రామును 0.5 అని రాయాలి. ముందు సున్న లేకపోతే చుక్క కనబడక 5గా చదివే ప్రమాదమున్నది. మూడవది: యంత్రం హెచ్చరించలేదని నిశ్చింతగా ఉండరాదు.

పాఠకులు చేయవలసినది కూడా ఒకటి ఉన్నది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే చూర్ణాలు, కషాయాలు, లేహ్యాల పేర్లు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నదీ కాగితంపై రాసి తీసుకువెళ్లండి. ఎవరూ అడగకపోయినా చెప్పండి. మీరు చెప్పనిది కంప్యూటర్‌కు తెలియదు.