గంజి, జిగురు, పాస్తా: ఉడికిన నూడుల్స్ ఎందుకు అంటుకుంటాయి?

జర్మన్ భాషలో పిండిపదార్థాన్ని 'ష్టెర్కె' అంటారు. నీటిలో వేడెక్కిన పిండిపదార్థం ఉబ్బి చిక్కబడే మార్పుకు ఆ భాషలో 'ఫెర్‌క్లైస్టరుంగ్' అని పేరు. 'క్లైస్టర్' అంటే గోడలకు కాగితాలు అతికించే జిగురు. వండిన నూడుల్స్ ఎందుకు ముద్దకడతాయన్న ప్రశ్నకు జవాబు ఆ పేరులోనే ఉంది. తెలుగువారికీ ఇది కొత్త సంగతి కాదు. అన్నం వార్చిన గంజి నూలుచీరలకు పెట్టడం, అన్నం మెతుకుతో కవరు అంటించడం ఒక తరం క్రితం వరకు ఇంటింటా ఉన్న అలవాట్లే. చీరకు బిరుసునిచ్చిన ఆ గుణమే వంటగిన్నెలో చిక్కు తెచ్చిపెడుతుంది.

మ్యూనిక్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన కార్ల్ నేగెలి 1858లో పిండిరేణువుల నిర్మాణంపై ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. ఆ రేణువులలో రెండు వేరువేరు పదార్థాలు ఉన్నాయని 1940లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు కుర్ట్ మేయర్ తేల్చిచూపాడు. గోధుమలో దాదాపు నాలుగోవంతు ఉండే అమైలోజ్ పొడవాటి గొలుసు వంటిది. మిగిలిన అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలు వేసిన చెట్టు వంటిది. నీరు సుమారు 60 డిగ్రీలకు చేరేసరికి రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. పొడవాటి అమైలోజ్ గొలుసులు బయటకు జారి, పాస్తా ఉపరితలం మీదికీ, అక్కడినుంచి నీటిలోకీ చేరుతాయి. ఉపరితలం మీద మిగిలిన ఆ పూతే జిగురు.

ఎంత జిగురు బయటపడుతుందన్నది పిండిలోని మాంసకృత్తులపై ఆధారపడుతుంది. గోధుమలోని గ్లూటెన్ వలలా అల్లుకొని రేణువులను పట్టి ఉంచుతుంది. ఈ వల డ్యూరమ్ అనే గట్టి గోధుమలో దిట్టంగా ఉంటుంది. ఎండు పాస్తాను ఆ గోధుమతోనే చేయాలని ఇటలీ 1967లో చట్టం చేసింది. జర్మనీ దుకాణాలలో పొట్లం మీద 'హార్ట్‌వైట్సెన్‌గ్రీస్' అని ఉంటే అది ఈ గోధుమ రవ్వే. నైరుతి జర్మనీలోని ష్వాబియా ప్రాంతంలో మాత్రం సంప్రదాయంగా పండింది డ్యూరమ్ కాదు, స్పెల్ట్ గోధుమ. దాని గ్లూటెన్ మెత్తన. అక్కడి 'ష్పెట్స్‌లె' పిండిలో గుడ్లు ధారాళంగా పడతాయి. వేడికి గడ్డకట్టే గుడ్డు మాంసకృత్తులు గ్లూటెన్ చేయలేని పనిని చేస్తాయి. 2012లో 'ష్వాబియా ష్పెట్స్‌లె'కు ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు లభించింది.

వంటలో మొదటి రెండు నిమిషాలు కీలకం. లోపలి భాగం ఇంకా బిరుసుగా ఉండగానే పైపొర జిగురెక్కుతుంది. ఆ సమయంలో ఒకదానికొకటి ఆనుకున్న పోగులు అతుక్కుపోతాయి. అందువల్ల నీరు తెర్లుతుండగా పాస్తా వేసి, వెంటనే కలపాలి. వంద గ్రాములకు ఒక లీటరు నీరు అన్న లెక్క జిగురును పలుచన చేయడానికే. శ్రద్ధగా కలిపేవారికి అంతకంటే తక్కువ నీరూ చాలుతుంది. ఉడికే నీటిలో పోసిన నూనె పైకి తేలిపోతుంది, పోగుల మధ్యకు దాదాపుగా చేరదు. మ్యూనిక్, బెర్లిన్ వంటి నగరాలలో కుళాయి నీరు కఠినజలం. మరిగేటప్పుడు దానిలో క్షారగుణం పెరిగి పైపొరలోని వల సడలుతుంది, జిగురు ఎక్కువ బయటపడుతుంది. నిమ్మరసం కొద్దిగా పిండితే ఆ ప్రభావం తగ్గుతుంది.

వార్చిన తరువాత ఏం చేయాలన్నది ఏ వంటకం కోసమన్న దానిపై ఉంటుంది. వేడి వేడి సాస్‌లో కలపదలచితే కడగకూడదు. జిగురే సాస్‌ను పట్టి ఉంచుతుంది. జర్మన్ వంటిళ్ళలో చల్లనీళ్ళు పోసి కడగడాన్ని 'అబ్‌ష్రెకెన్' అంటారు. ఆ మాటకు బెదరగొట్టడమని కూడా అర్థం. నూడుల్స్ సలాడ్‌కూ, మళ్ళీ పెనం మీద వేయించే ష్పెట్స్‌లెకూ అది సరైన పద్ధతి: పైనున్న జిగురు కొట్టుకుపోతుంది, ఉడకడం ఆగుతుంది. నీరు ఓడ్చి ఒక చెంచా నూనె పట్టిస్తే పోగులు మళ్ళీ కలవవు. పులిహోరకు అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, నూనె చల్లి కలపడంలోని సూత్రం ఇదే. ఉప్మాకు సేమ్యాను ముందుగా నేతిలో వేయించడం కూడా ఆ కోవలోనిదే.

చల్లారిన పాస్తా గడ్డకట్టడానికి కారణం వేరు. వేడి తగ్గేకొద్దీ అమైలోజ్ గొలుసులు తిరిగి ఒకదానికొకటి చేరువై బిగుసుకుంటాయి. గడ్డను చేతితో విడదీస్తే పోగులు తెగుతాయి. మరిగే నీరు కొద్దిగా పోసి అర నిమిషం ఆగితే వదులవుతాయి.

ఈ చిక్కును తప్పించుకోవడానికి వండిన పాస్తాను ఫ్రిజ్‌లో పెట్టకుండా పొయ్యి మీదే వదిలేయడం మాత్రం ప్రమాదకరం. 2008లో బ్రస్సెల్స్‌లో 20 ఏళ్ళ విద్యార్థి ఒకరు ఐదు రోజుల ముందు వండి, గది వాతావరణంలోనే ఉంచిన స్పగెటీని వేడిచేసుకొని తిని, మర్నాటికి మరణించారు. ఈ ఉదంతం 2011లో వైద్యపత్రికలో ప్రచురితమైంది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మరగబెట్టినా చావవు. అది విడుదల చేసే సెరులైడ్ విషం 121 డిగ్రీల వేడికి కూడా చెడదు. కాబట్టి మళ్ళీ వేడిచేయడం రక్షణ కాదు. వండిన ఆహారాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలని, లేదా త్వరగా చల్లార్చి 7 డిగ్రీల లోపుకు తేవాలని జర్మనీ ఆహారభద్రతా నిపుణులు చెబుతారు.

సోమవారం ఆఫీసు డబ్బా కోసం ఆదివారం రాత్రి నూడుల్స్ ఉడికించేవారికి ఈ రెండు అవసరాలూ ఒకే పనితో తీరుతాయి. వార్చగానే చల్లనీళ్ళతో కడిగి, నీరు ఓడ్చి, నూనె పట్టించి, వెడల్పాటి గిన్నెలో పలుచగా పరచి ఫ్రిజ్‌లో పెడితే జిగురూ పోతుంది, సూక్ష్మజీవులు పెరిగే వ్యవధీ మిగలదు.