‘మా అసలు ఇల్లు మాచర్లలో ఉంది’ అంటున్నాడా?

నరసరావుపేటలో మీ మూడేళ్ల బాబు పెరుగన్నం తింటూ ‘మా అసలు ఇల్లు మాచర్లలో ఉంది, అక్కడ నన్ను పాము కరిచింది’ అన్నాడనుకోండి. నానమ్మ దేవుడికి దండం పెడుతుంది. నాన్న సెల్‌ఫోన్ తీసి వీడియో మొదలుపెడతాడు. ఇద్దరూ కాసేపు ఆగాలి.

ఇలాంటి మాటలను కొట్టిపారేయకుండా రాసిపెట్టుకున్నవాళ్లు ఉన్నారు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ 1960లలో మొదలుపెట్టిన పరిశోధన ఇప్పటికి 2,500కు పైగా కేసులకు చేరింది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా ఆగ్రా జిల్లా ఫతేహాబాద్ ప్రాంత గ్రామాల్లో సర్వే చేస్తే సుమారు 450 మందికి ఒకరు తేలారు. దక్షిణాదిలో ఎందుకింత తక్కువ అన్న ప్రశ్న మీదే ఆమె ఒక వ్యాసం రాశారు. నమ్మకానికి కొదవుండి కాదు. జాతక కథల శిల్పాలున్న నాగార్జునకొండ మాచర్లకు దగ్గరే, ‘మూగమనసులు’ ఎరగని ఇల్లూ ఉండదు!

చాలా కేసుల్లో ఒక పోలిక ఉంది. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య మాటలు మొదలై, బడి ఈడు వచ్చాక ఆగిపోతాయి. చెప్పేది ఎక్కువగా ప్రమాదంలోనో హత్యలోనో పోయిన మనిషి గురించి.

విమర్శ కూడా గట్టిదే. రెండు కుటుంబాలూ కలుసుకున్నాకే చాలా కేసులు పరిశోధకులదాకా వచ్చాయి. ముందే కాగితం మీద పెట్టినవి కొద్ది. మూడేళ్ల బిడ్డకు విన్నదీ, కలగన్నదీ, జరిగిందీ వేరుచేసుకోవడం కష్టం. ‘ఇంటి ముందు వేపచెట్టు ఉందా నాన్నా?’ అని మీరడిగితే రేపటికి వేపచెట్టు మొలుస్తుంది.

కాబట్టి ఆరాలు తీయకండి. బాబు తనంతట తాను అన్న మాట అన్నట్టే, తేదీ వేసి డైరీలో రాయండి. తిట్టి నోరు మూయించకండి. అన్నిటికన్నా ముఖ్యం, ‘ఆ ఇల్లు’ వెతుక్కుంటూ తీసుకెళ్లకండి. కొడుకును పోగొట్టుకున్న తల్లి మీ బిడ్డను గుండెకు హత్తుకుని ‘వచ్చావా నాయనా’ అంటే, ఆ చేతులు విడిపించేదెవరు? రేపట్నుంచి వాడు ఎవరి బిడ్డ?

ఐస్‌లాండ్ మనస్తత్వవేత్త ఎర్లెండుర్ హరాల్డ్‌సన్ శ్రీలంక, లెబనాన్‌లలో ఇలాంటి పిల్లలను పరీక్షించి, కొందరిలో భయాలు, పగటికలలు ఎక్కువని గమనించారు. మీవాడు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, నీళ్లనో పురుగునో చూసి వణుకుతున్నా, ఆటల్లో చావే ఆడుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఆయనే మానసిక వైద్యుల దగ్గరకు పంపుతారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులోనే చెప్పుకోవచ్చు.