సైటోకైన్ సీసాలో ఇంకేముంది?

కీమోథెరపీ చేయించుకున్న వారం పది రోజులకు రోగి తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెచ్చే రోజులవి. అప్పుడు చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్లలో జి-సీఎస్ఎఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలను త్వరగా తయారుచేయమని అది ఎముక మజ్జకు చెబుతుంది. ఇలా ఒక కణం నుంచి మరో కణానికి కబురు మోసే చిన్న ప్రోటీన్లే సైటోకైన్లు. ఇంటర్ఫెరాన్లు, ఇంటర్‌ల్యూకిన్లు కూడా ఈ కోవలోవే.

శరీరం వీటిని అతి స్వల్పంగా తయారుచేస్తుంది. 1957లో శాస్త్రవేత్తలు ఐజాక్స్, లిండెన్‌మన్ ఇంటర్ఫెరాన్‌ను కనుగొన్నాక, ఫిన్లాండ్‌లో శాస్త్రవేత్త కారి కాంటెల్ దాతలిచ్చిన రక్తంలోని తెల్లకణాల నుంచి దాన్ని సేకరించాల్సి వచ్చింది. ఎంత రక్తమైనా చాలేది కాదు. 1980 ప్రాంతంలో మానవ ఇంటర్ఫెరాన్ జన్యువును ఈ.కొలై బాక్టీరియాలో చేర్చడంతో ఆ కొరత తీరింది. అలా తయారైనదే రీకాంబినెంట్ ప్రోటీన్.

ఈ విద్య తెలుగునేలకూ వచ్చింది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాద్ నుంచి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను తెచ్చింది, ఆ తర్వాత ఇంటర్ఫెరాన్ ఆల్ఫానూ తయారుచేసింది. డాక్టర్ రెడ్డీస్ 2001లో జి-సీఎస్ఎఫ్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

జన్యువును చేర్చడంతో పని అయిపోదు. దల్లీ-రాజ్‌హరా గనుల ఇనుప ఖనిజం భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాగా మారాలంటే స్లాగ్ వేరు కావాలి, ఉక్కు నమూనా ల్యాబ్ పరీక్షలో నిలవాలి. భిలాయి తెలుగు కుటుంబాలకు ఇది రోజూ వినే మాటే. ప్రోటీన్‌దీ అదే దారి. బాక్టీరియా లోపల అది తరచుగా ముద్దకట్టి ఉంటుంది. దాన్ని కరిగించి, సరైన ఆకృతిలో మళ్లీ మడతపడేలా చేసి, క్రొమటోగ్రఫీతో శుద్ధి చేస్తారు.

ఇక్కడ అసలు ప్రమాదం ఎండోటాక్సిన్. ఈ.కొలై గోడలోని ఈ పదార్థం లేశమాత్రం మిగిలినా మోనోసైట్లు అనే తెల్లకణాలు రెచ్చిపోయి టీఎన్ఎఫ్ అనే మరో సైటోకైన్‌ను విడుదల చేస్తాయి. పరిశోధకుడు అది తాను పరీక్షిస్తున్న సైటోకైన్ ప్రభావమే అనుకుంటాడు. అందుకే గుర్రపునాడా పీత రక్తం నుంచి తీసిన కారకంతో ఎండోటాక్సిన్ కొలుస్తారు. ప్రోటీన్ పనిచేస్తుందో లేదో చూడటం మరో పరీక్ష. జి-సీఎస్ఎఫ్ అయితే, దాని మీద ఆధారపడి పెరిగే ఎలుక కణాలకు ఇచ్చి ఎంత పెరిగాయో లెక్కిస్తారు. అన్ని సైటోకైన్లూ ఇలా జాతి దాటి పనిచేయవు. మరో సైటోకైన్ అయిన మానవ జీఎం-సీఎస్ఎఫ్‌కు ఎలుక కణాలు స్పందించవు.

భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్‌కు ఇది దూరపు విషయం కాదు. ఇక్కడ ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ వ్యాధిలో వాపు ప్రక్రియ నిత్యం రగులుతూ ఉంటుంది. రోగి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6) ఎంతుందో ఎలైసా పరీక్షలో తేల్చాలంటే, తెలిసిన పరిమాణాల్లో రీకాంబినెంట్ ఐఎల్-6 పెట్టి దానితో పోల్చాలి. ఆ కొలబద్ద తప్పితే రోగి లెక్కంతా తప్పుతుంది.

ఇమ్యునాలజీ చదివే మన పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. పరిశోధన పత్రం చేతికి రాగానే సైటోకైన్ లాట్ నంబరు, ఎండోటాక్సిన్ స్థాయి, క్రియాశీలత ఇచ్చారేమో చూడండి. మీరు రాసేటప్పుడూ ఇవ్వండి. వేరే ల్యాబ్ మీ ప్రయోగాన్ని మళ్లీ చేసి సరిచూసుకోవాలంటే అవి ఉండి తీరాలి. అలా సరిచూడని ఫలితం మీద రోగికి చికిత్స నిర్ణయించడం అన్యాయం.