సీడెడ్

సీడెడ్ అనునది ఒక ఆంగ్ల విశేషణము. "ఒకరి అధికారం నుండి మరొకరికి ఒప్పగించబడిన" అని దీని అర్థం. తెలుగులో దీనికి సమానార్థకంగా "దత్త" అనే పదాన్ని వాడారు. నేటి రాయలసీమ ప్రాంతాన్ని పూర్వం సీడెడ్ జిల్లాలు అని, తెలుగులో దత్తమండలాలు అని వ్యవహరించడానికి ఈ విశేషణమే కారణం. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ఈ దత్తమండలాలలోనివే.

వ్యుత్పత్తి

లాటిన్ భాషలో "వెళ్ళు, తొలగు, విడిచిపెట్టు" అనే అర్థాలు గల ఒక క్రియ నుండి ఫ్రెంచి ద్వారా 17వ శతాబ్దంలో సీడ్ అనే క్రియ ఆంగ్లంలోకి వచ్చింది. దాని భూతకాల రూపమే సీడెడ్. రిసీడ్ (వెనుకకు తగ్గు), ప్రిసీడ్ (ముందు నడచు), కన్సీడ్ (ఒప్పుకొను), సెసీడ్ (విడిపోవు) అనే పదాలకు కూడా ఇదే మూలం. విత్తనం అనే అర్థం గల సీడ్‌తో దీనికి సంబంధం లేదు. ఉచ్చారణ మాత్రమే ఒకటి.

ప్రయోగం

భూభాగము, హక్కు, అధికారము వంటి వాటికి ఈ విశేషణాన్ని చేరుస్తారు. యుద్ధంలో జయించిన భూమికీ, ఒప్పందం ద్వారా పొందిన భూమికీ ఈస్టిండియా కంపెనీ పేరులోనే తేడా చూపేది. ఉత్తర భారతంలో 1801లో అవధ్ నవాబు ఇచ్చిన భూములను సీడెడ్ అని, తరువాత మరాఠాల నుండి గెలుచుకొన్న వాటిని కాంకర్డ్ అని పేర్కొన్నారు. సెసీడ్ అన్నప్పుడు విడిపోయేవారే కర్తలు. సీడెడ్ అన్నప్పుడు ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు మాత్రమే ఉంటారు. ఆ నేలపై నివసించే ప్రజలకు ఈ పదంలో చోటు లేదు.

కడప సీమలో

1792 నాటి శ్రీరంగపట్నం ఒప్పందం ప్రకారం టిప్పు సుల్తాను వదలుకొన్న భూములలో కడప, జమ్మలమడుగు సమీపాన పెన్నా ఒడ్డున ఉన్న గండికోట నిజాముకు దక్కాయి. 1799లో టిప్పు మరణానంతరం నిజాముకు మరికొంత భాగం లభించింది. తన రాజ్యంలో ఉంచుకొన్న కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా నిజాం అలీ ఖాన్ 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో ఈ రెండు భాగాలనూ కంపెనీకి ఇచ్చివేశాడు. ఆ విధంగా ఈ సీమ రైతులు ఎనిమిదేళ్ళ వ్యవధిలోనే మూడవ ప్రభుత్వానికి శిస్తు చెల్లించవలసి వచ్చింది. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి పాలెగాళ్ళను అణచి, భూములను కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. 1808లో ఈ ప్రాంతాన్ని కడప, బళ్ళారి జిల్లాలుగా విభజించారు.

పేరు మార్పు

ఒప్పందం కుదిరి శతాబ్దం గడచినా సీడెడ్ అన్న పేరు తొలగలేదు. 1916లో అనంతపురంలో ప్రారంభమైన కళాశాలకు కూడా అదే పేరు పెట్టారు. తాము ఎవరో ఎవరికో ఇచ్చిన వస్తువు అన్నట్లు ధ్వనించే ఈ పేరు స్థానికులకు రుచించలేదు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ సందర్భంగా జరిగిన దత్తమండలాల సమావేశంలో చిలుకూరి నారాయణరావు "రాయలసీమ" అనే పేరును సూచించగా సభ ఆమోదించింది. విజయనగర రాయల ఏలుబడిని తలపించే ఈ పేరు త్వరలోనే స్థిరపడింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలోనూ రాయలసీమ అనే పేరే కనిపిస్తుంది.

నేటి వాడుక

పాలనా వ్యవహారాలలో సీడెడ్ అన్న పేరు కనుమరుగైనా, తెలుగు చలనచిత్ర పంపిణీ రంగంలో ఇంకా నిలిచి ఉంది. వసూళ్ళ లెక్కలలో రాయలసీమ జిల్లాలన్నిటినీ కలిపి సీడెడ్ అంటారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల థియేటర్ల రాబడి ఈ పద్దు క్రిందనే చేరుతుంది. చిత్తూరు జిల్లాలోని అధిక భాగం పూర్వపు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. అది 1800లో నిజాము ఇచ్చినది కాదు. అయినను సినీ వ్యాపారులు దానిని కూడా సీడెడ్ లోనే లెక్కిస్తారు. అనగా, ఒప్పందాన్ని సూచించిన విశేషణం ఇక్కడ అర్థాన్ని విడిచి, కేవలం ఒక ప్రాంతపు పేరుగా మిగిలింది.